పగులు కనపడ్డ రోజే నోటీసు రావాలి

ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ అధిపతికి,



గోదావరిఖని నుంచి రాస్తున్నాను. ఫిట్టర్‌గా పని మొదలుపెట్టి, తర్వాత లోహంలో పగుళ్లు వెతికే పరీక్షలు నేర్చుకుని అందులోనే కుదురుకున్నవాణ్ని. డీజీఎంఎస్ అన్న మీ సంస్థ పేరు మా ఊళ్లో బాయి (గని) దిగని ఇళ్లల్లో కూడా తెలుసు. గనిలో ఏదన్నా జరిగిందంటే గేటు దగ్గర గుమిగూడినవాళ్లు ముందు అనుకునే మాట "డీజీఎంఎస్ వాళ్లు వస్తున్నరట" అని. వచ్చి నిజం తేలుస్తారన్న నమ్మకం ఆ మాటలో ఉంటుంది. మీవాళ్లు ఏదన్నా జరగకముందే మా ఇనుము వైపు ఒకసారి చూడాలని అడగడానికే ఈ ఉత్తరం.

మా ప్రాంతానికి నీటి భయం తెలుసు, పైకప్పు భయం తెలుసు. 2003 జూన్ 16న జీడీకే ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. 2020 జూన్‌లో రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో పేలుడుకు నలుగురు కాంట్రాక్టు కార్మికులు బలయ్యారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ఇవి మరిచేవి కావు, మరవకూడనివి. గనిలో భద్రత అనగానే మాట నీరు, పైకప్పు, గ్యాస్, మందుగుండు చుట్టూ తిరగడానికి కారణం ఇదే. ఆ మాటల పక్కన ఇంకో మాటకు చోటు అడుగుతున్నాను. మనిషిని కిందికి దింపే తాడు, ఆ తాడును బండికి కలిపే పిన్ను, బండిని ఆపే బ్రేకు కడ్డీ, వంద టన్నుల డంపర్‌ను మలుపు తిప్పే స్టీరింగ్ లింకు. వీటిలో వచ్చే పగులు గురించి.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. మనుషుల్ని మోసే, ఆపే, తిప్పే ఇనుప భాగంలో ఎక్కడైనా పగులు కనపడితే, అది విరగకముందే మీ కార్యాలయానికి నోటీసు రావాలి. అలాంటి భాగమే వాడుతున్న ప్రతి గనికీ మీ దగ్గర్నుంచి కబురు పోవాలి.

1952 గనుల చట్టం 23వ సెక్షన్ మీకు కంఠతా వచ్చి ఉంటుంది. ప్రాణం పోయినా, పెద్ద గాయం అయినా, పేలుడు జరిగినా, నీళ్లు దూసుకొచ్చినా నోటీసు ఇవ్వాలని అందులో ఉండేది. షాఫ్టులో గానీ ఇంక్లైన్‌లో గానీ మనుషుల్ని, సామాన్లను దింపే తాడో గొలుసో మరో సాధనమో తెగినా విరిగినా, ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే, నోటీసు ఇవ్వాలని కూడా ఉండేది. ఆ మాట రాసినవాళ్లు దూరం చూసినవాళ్లు. దెబ్బ తగిలేదాకా ఆగకుండా, తెగిన తాడునే ప్రమాదంగా లెక్కగట్టారు. నేను అడిగేది అదే దారిలో ఇంకొక్క అడుగు. తెగిన రోజుకూ పగులు పుట్టిన రోజుకూ నడుమ చాలా కాలం ఉంటుంది. ఒక్కోసారి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఆ కాలమంతా ఇనుము మనకు అవకాశం ఇస్తూనే ఉంటుంది.

పైకప్పు సంగతిలో ఆ అవకాశాన్ని గని ఎప్పటినుంచో వాడుకుంటోంది. పని మొదలుపెట్టేముందు మైనింగ్ సర్దార్ పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో కొట్టి వింటాడు. ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగితే ఆ రాయిని దించందే ఎవర్నీ కిందికి పోనివ్వడు. అది కూలేదాకా ఆగి నోటీసు రాయడు. ఫిట్టరూ సుత్తితో పిన్నును కొట్టి వింటాడు, కాదనను. కానీ మరకట్టు (థ్రెడ్) అడుగున వెంట్రుకంత పగులు ఉన్న రెండంగుళాల ఉక్కు కడ్డీ కూడా ఖంగుమనే మోగుతుంది. బండ చెప్పినంత తేలిగ్గా ఉక్కు చెప్పదు.

ఎందుకు పగులుతుందో రెండు మాటల్లో చెబుతాను, ఈ ఉత్తరం చదివే బాయి పిల్లల కోసం. కట్టుతీగను రెండు చేతులతో ఎంత లాగినా తెగదు. అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి చేతికొస్తుంది. ఉక్కు కడ్డీ కూడా అంతే. ఒక్కసారి పడే పెద్ద బరువును తట్టుకుంటుంది. దానిలో సగం కూడా లేని బరువు లక్షసార్లు వేసి తీస్తే ఎక్కడో ఒకచోట లొంగుతుంది. ఆ చోటు చాలాసార్లు మనకు తెలిసిందే: మరకట్టు అడుగు, కీ గాడి మూల, వెల్డింగ్ అంచు, రంధ్రం చుట్టూ, తుప్పు తిన్న గుంట. ప్రతి వంపుకూ పగులు కొంచెం లోపలికి జరుగుతుంది. విరిగాక ఆ ముఖాన్ని చూస్తే కథంతా రాసి ఉంటుంది. ఒకవైపు నున్నగా, నల్లబడి, ఒడ్డున అలలు వదిలిపోయిన గీతల్లాంటి వరసలు. అది నెలల తరబడి నెమ్మదిగా పగిలిన భాగం. రెండోవైపు గరుకుగా, కొత్త లోహం మెరుపుతో. అది ఆఖరి క్షణంలో ఒక్కసారిగా తెగిన భాగం. నల్ల భాగం ఎంత పెద్దదైతే అంతకాలం మనం చూడకుండా వదిలేశామని అర్థం.

ఈ రెండు రంగుల విరుపు ఏం చేయగలదో తెలుసుకోవాలంటే గనుల చరిత్రలో 1973 జూలై 30 ఉదయం దగ్గర ఆగాలి. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ జిల్లా, మార్కమ్ గని, మూడో నంబరు షాఫ్టు. షిఫ్టు మారే వేళ. పైనుంచి దిగుతున్న పంజరంలో, అంటే కేజ్‌లో, 29 మంది ఉన్నారు. కేజ్ అడుగుకు చేరబోతూ ఉండగా వైండింగ్ ఇంజన్ నడిపేవాడు వేగం తగ్గించడానికి బ్రేకు వేశాడు. బ్రేకు దగ్గర నిప్పురవ్వలు లేచాయి, పెద్ద చప్పుడయింది, బ్రేకు పట్టలేదు. అత్యవసర బటన్ నొక్కాడు. అదీ ఆపలేదు. కేజ్ షాఫ్టు అడుగున ఉన్న దూలాల మీద పడింది. 18 మంది చనిపోయారు, మిగిలిన 11 మందికీ తీవ్ర గాయాలు.

విచారణలో తేలింది ఇది. బ్రేకు స్ప్రింగుల మధ్య నుంచి పోయే ఒక ఉక్కు కడ్డీ ఉంది. రెండంగుళాల మందం, తొమ్మిదడుగులకు కాస్త తక్కువ పొడవు. స్ప్రింగుల బలం బ్రేకుకు అందేది ఆ కడ్డీ ద్వారానే. దాన్ని తయారుచేసినవాళ్లు అది నిటారుగా లాగుడు మాత్రమే భరిస్తుందనుకున్నారు. కానీ కింద ఉన్న బేరింగ్‌కు నూనె సరిగా అందక అది బిగుసుకుపోయేది. బ్రేకు వేసిన ప్రతిసారీ కడ్డీ కాస్త వంగేది, వదిలినప్పుడు మళ్లీ తిన్నగా అయ్యేది. అలా ఏళ్ల తరబడి. పగులు పుట్టింది, పెరిగింది. కడ్డీ ఉన్నచోట ఉండగా ఆ పగులున్న భాగం బయటి కంటికి ఆనదు, విప్పితేనే కనపడుతుంది. 1952లో బిగించిన ఆ కడ్డీని విప్పి పరీక్షించినవాళ్లు లేరు.

నాకు మార్కమ్‌లో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఆ అత్యవసర బటన్. మామూలు బ్రేకు, అత్యవసర బ్రేకు, రెండూ ఆ ఒక్క కడ్డీ మీదే ఆధారపడ్డాయి. అది విరిగితే రెండో దిక్కు లేదు. ఇంజన్ నడిపేవాడు చేయాల్సిందంతా చేశాడు, అయినా అతని చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాత షాఫ్టుల్లో మనుషుల ప్రయాణం మీద అక్కడ జాతీయస్థాయి కమిటీ వేశారు. ఒక్కటి విరిగితే అంతా పోయే భాగాలను వెతికి పట్టుకోవాలి, వీలైతే తీసేయాలి, వీలుకాకపోతే గట్టిగా పరీక్షిస్తూ ఉండాలి అన్న పద్ధతి గట్టిపడింది అప్పటినుంచే. ఈ ఉత్తరంలో వాటిని "రెండో దిక్కు లేని భాగాలు" అని పిలుస్తాను.

గోదావరిఖనిలో చాలా గనులు షాఫ్టులు కావు, ఇంక్లైన్లు. ఒకప్పుడు కార్మికుడు ఆ ఏటవాలు దారిలో నడిచే దిగేవాడు, షిఫ్టంతా పనిచేసి నడిచే ఎక్కేవాడు. పైకి వచ్చేసరికి మోకాళ్లు వణికేవని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు మనుషుల్ని మోసే మ్యాన్‌రైడింగ్ బండ్లు వచ్చాయి, చైర్‌లిఫ్టులు వచ్చాయి. కార్మికుడి ఒంట్లో బలం బొగ్గు దగ్గరికి చేరేదాకా మిగులుతోంది. ఆ మార్పు గొప్పది, అది అన్ని గనులకూ రావాలి. అదే సమయంలో, నడిచిన రోజుల్లో మనిషి ప్రాణం అతని కాళ్ల మీద ఉండేది. ఇప్పుడు కుర్చీని తాడుకు పట్టి ఉంచే గ్రిప్ మీద, వేలాడే కడ్డీ మీద, డ్రాబార్ పిన్ను మీద ఉంది. కుర్చీ ప్రతి పుల్లీ దాటేటప్పుడూ ఆ కడ్డీ మీద ఒక చిన్న కుదుపు. రోజుకు మూడు షిఫ్టులు, వందల కుర్చీలు. ఇందాక చెప్పిన లక్ష లెక్క ఎంత త్వరగా పూర్తవుతుందో మీకు తెలియంది కాదు.

పైన ఓపెన్‌కాస్టులో సంగతి వేరే. వంద టన్నుల సరుకు మోసే డంపర్ తన బరువుతో కలిపి నూటయాభై టన్నులు దాటుతుంది. అది హాల్ రోడ్డు దిగుతూ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలను తిప్పేవి కొన్ని కడ్డీలు, వాటి చివర్న బాల్ జాయింట్లు. ఆపరేటర్ ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ లింకు తెగిన క్షణాన స్టీరింగ్ చేతిలో ఉత్తినే తిరుగుతుంది. ఇక ఓబీ, అంటే బొగ్గు మీది మట్టీ రాయీ, తరలించే కాంట్రాక్టు టిప్పర్లు. పగలూ రాత్రీ ఆగవు. గుంతల దారి, అధిక లోడు, తడి, దుమ్ము, అన్నీ కలిసి పగుళ్లకు పుట్టిల్లు. నోటీసు పద్ధతి సింగరేణి కంపెనీ మెషీన్ల దగ్గర ఆగిపోయి టిప్పర్ల దాకా రాకపోతే సగం పనే అవుతుంది.

పగుళ్లు పట్టుకోవడం అసాధ్యమైన విద్య కాదని చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. బొగ్గు లారీ నడిపే ఒకతను స్టీరింగ్ ఈ మధ్య బరువుగా తిరుగుతోందని బండి తెచ్చాడు. డ్రాగ్ లింకు విప్పి బెంచీ మీద పెట్టాం. చూడ్డానికి ఏమీ లేదు. గ్రీజు, బొగ్గు మసి గోకి, మర దగ్గర బ్రష్‌తో రుద్ది, క్లీనర్ కొట్టి ఆరబెట్టాం. దాని మీద డై పెనిట్రెంట్, అంటే ఎర్ర రంగు ద్రవం, పల్చగా స్ప్రే చేసి పది నిమిషాలు వదిలేశాం. ఆ పది నిమిషాలు తగ్గించకూడదు; రంగు పగుల్లోకి దిగడానికి ఆ సమయం కావాలి. తర్వాత గుడ్డ తడిపి పైరంగు తుడవాలి. క్లీనర్‌ను నేరుగా దాని మీద కొట్టకూడదు, కొడితే పగుల్లోకి దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. ఈ ఒక్క తప్పు వల్లే ఎన్నో పగుళ్లు తప్పించుకుంటాయి. ఆఖర్న తెల్ల డెవలపర్ కొట్టాం. తెల్లగా ఆరిన పొర మీద, మరకట్టు మొదట్లో, ముందు ఒక చుక్క వచ్చింది. అది పాకి గీత అయింది. కడ్డీ చుట్టూ మూడో వంతు దాకా ఎర్ర గీత.

డ్రైవర్ దాన్ని వంగి చూసి ఏం మాట్లాడలేదు. బయటికి పోయి ఫోన్ చేశాడు. "అన్నా, ఏడున్నవ్? బండి పక్కకు పెట్టు. దింపుడు గిట్ల ఏం వద్దు, ముందు పక్కకు పెట్టు." అన్నదమ్ములు ఇద్దరూ ఒకే ఏడు, ఒకే మోడల్ బండ్లు కొన్నారట. తిరిగేది ఒకే రూటు. తన బండిలో కనపడ్డ పగులు అన్న బండిలోనూ ఉండొచ్చని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. తనంతట తనకే తట్టింది.

అయ్యా, మీ కార్యాలయం నుంచి నేను కోరుతున్నది ఆ ఫోన్‌కాల్.

విమానాల వాళ్లు ఈ పని చాలాకాలంగా చేస్తున్నారు. మా పక్కనే బసంత్‌నగర్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది, ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగేవి. పెద్ద విమానాల సంగతి వదిలి అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకుందాం. గైరోకాప్టర్ అని ఉంటుంది, ఒకరో ఇద్దరో కూర్చునేది. 1923లో స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా ఎగరేసిన ఆటోజైరోకు వారసురాలు. నెత్తిన తిరిగే రెక్కలకు ఎగిరేటప్పుడు ఇంజన్ బలం అందదు, ఎదురుగాలికే తిరుగుతాయి. పైలట్ చేతి కర్ర నుంచి సన్నని కడ్డీలు పైకి పోయి ఆ రెక్కల తలను అటూ ఇటూ వంచుతాయి. రెక్కలు నిమిషానికి మూడున్నర వందల చుట్లు తిరిగితే గంటకు 21,000 చుట్లు, ప్రతి చుట్టుకూ ఆ కడ్డీల్లో వణుకు. ఒక్క కడ్డీ చివర విరిగితే పైలట్‌కు రెండో దిక్కు లేదు. అందుకే ఎగరబోయే ముందు ప్రతిసారీ ఆ కడ్డీలు, బోల్టులు, చీలలు చేత్తో తడిమి చూడటం అక్కడ నియమం. అది సరదాకు ఎగిరే చిన్న బండి. మన చైర్‌లిఫ్టులో రోజూ దిగేవాళ్లు పొట్టకూటికి దిగేవాళ్లు.

పెద్ద విమానాల్లో ఇంకో ఏర్పాటు ఉంది. ఒక దేశంలో ఒక విమానం భాగంలో ప్రమాదకరమైన పగులు బయటపడితే, ఆ రకం విమానాలన్నిటికీ ఆదేశం వెళుతుంది: ఫలానా భాగం, ఫలానా పద్ధతిలో, ఇన్ని గంటల ప్రయాణం లోపల పరీక్షించాలి. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దాన్ని పాటించి తీరాలంటుంది. ఆ గడువు దాటాక పరీక్షించకుండా విమానం ఎగరడానికి వీల్లేదు.

ఆ ఏర్పాటు ఉన్నా, చూసిన మనిషి నోరు విప్పకపోతే ఏం జరుగుతుందో కూడా ఆకాశమే చూపించింది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఎగురుతుండగా దాని పైకప్పు పెద్ద ముక్క ఊడి ఎగిరిపోయింది. 89,000కు పైగా సార్లు ఎక్కి దిగిన విమానం అది. రివెట్ల వెంట పగుళ్లు కలిసిపోయాయి. ఒక విమాన సేవిక ప్రాణం పోయింది. విచారణలో ఒక ప్రయాణికురాలు చెప్పింది: ఎక్కేటప్పుడు తలుపు పక్కన పగులు చూశానని, ఎవరికీ చెప్పలేదని. ఆమెను తప్పుపట్టను. చెప్పే దారి, చెప్పాల్సిన అవసరం ఆమెకు ఎవరు చూపించారు?

అంత దూరం ఎందుకు, మా రామగుండం స్టేషన్ మీదుగా పోయే కాజీపేట-బల్లార్ష లైను చూడండి. రైలు పట్టాల లోపలి పగుళ్లు వెతకడానికి అల్ట్రాసోనిక్ యంత్రం పెట్టుకుని రైల్వే సిబ్బంది పట్టా వెంట నడుస్తారు. లోపం కనపడితే అక్కడికక్కడే రంగుతో గుర్తు వేస్తారు. దాని తీవ్రతను బట్టి వెంటనే మార్చాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్నది ముందే రాసిపెట్టి ఉంది. పట్టా విరిగేదాకా లెక్కలోకి రాకపోవడం అక్కడ లేదు. మా బొగ్గు ఆ పట్టాల మీదే పోతుంది.

ఇక అభ్యంతరాలు. ప్రతి గీతకూ నోటీసు రాస్తే కాగితాల కుప్ప తప్ప ఏం మిగలదని ఇంజనీర్లు అంటారు. సబబైన మాటే. పోతపోసిన భాగం మీద ప్రతి గీతా పగులు కాదు. రంగు పొర చీలిందంటే కింద లోహం చీలినట్టు కాదు. అందుకే నేను అన్ని భాగాల గురించీ అడగడం లేదు. ప్రతి గనీ, ప్రతి ఓపెన్‌కాస్టూ ముందు తన దగ్గరున్న రెండో దిక్కు లేని భాగాల పట్టిక రాసుకోవాలి. మ్యాన్‌రైడింగ్ బండి కప్లింగు, చైర్‌లిఫ్ట్ గ్రిప్పు, వైండింగ్ ఇంజన్ బ్రేకు కడ్డీలు, డంపర్ స్టీరింగ్, బ్రేకు లింకులు. ఆ పట్టిక ఒక పేజీ దాటుతుందని నేననుకోను. 2017 బొగ్గు గనుల రెగ్యులేషన్లలో సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఎలాగూ తప్పనిసరి చేశారు. ఆ పేజీకి అందులోనే చోటుంది. ఆ భాగాల్లో అనుమానం వస్తే రెండో పద్ధతిలో, వేరే మనిషితో ఖాయం చేసుకున్నాకే నోటీసు. పైకి విచ్చుకున్న పగులుకు ఎర్ర రంగు పరీక్ష సరిపోతుంది. పైపొర కింద దాగిన పగులుకు మ్యాగ్నెటిక్ పార్టికల్ పద్ధతి ఉంది. పిన్ను విప్పకుండానే దాని చివర నుంచి అల్ట్రాసోనిక్‌తో లోపలికి చూడొచ్చు: అవతలి చివర నుంచి రావాల్సిన ప్రతిధ్వని కన్నా ముందే తెర మీద ఇంకొకటి లేస్తే దారిలో ఏదో అడ్డం ఉన్నట్టు. వీటిలో ఏ పద్ధతీ ఒంటరిగా సరిపోదు, ఏదీ అందుబాటులో లేనిదీ కాదు.

ఉత్పత్తి ఆగిపోతుందన్నది రెండో అభ్యంతరం. దీని గురించి ఎక్కువ రాయను. పగిలిన పిన్ను మార్చడానికి పట్టే సమయానికీ, విరిగిన పిన్ను మీద విచారణ జరిగినన్నాళ్లు గని మూతబడే సమయానికీ తేడా మీ కార్యాలయానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మూడోది ఎవరూ పైకి అనరు గానీ అసలైనది అదే. పగులు ఉందని రాసిన ఫిట్టర్‌ను "ముందెందుకు చూడలేదు?" అని అడుగుతారేమోనన్న భయం. ఏ దేశంలోనైనా, ఏ పరిశ్రమలోనైనా పగుళ్లు దాక్కునేది ఈ భయం వెనకే. అందుకని నోటీసులో ఒక మాట స్పష్టంగా ఉండాలి. పగులు కనిపెట్టి రాసినవాడి మీద ఆ పగులు గురించి ఏ చర్యా ఉండదని, కనిపెట్టడం అతని పనికి మంచి మార్కుగా నమోదవుతుందని. గనుల్లో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, సేఫ్టీ కమిటీలు ఉన్నాయి. ఫిట్టర్ మాట పై అధికారి దగ్గర ఆగిపోతే వాళ్ల ద్వారా అయినా మీదాకా వచ్చే దారి ఉండాలి. కాంట్రాక్టు టిప్పర్ డ్రైవర్‌కు కూడా ఆ దారి తెరిచి ఉండాలి. అతనికి యూనియన్ అండ తక్కువ, ఉద్యోగం పోతుందన్న బెంగ ఎక్కువ. స్టీరింగ్ బరువు మారిందని అందరికన్నా ముందు తెలిసేది మాత్రం అతని చేతులకే.

ఒక పక్కమాట. పరీక్షకు ముందు భాగాన్ని శుభ్రం చేయడం అన్నది పరీక్షలో సగం. గ్రీజు నిండిన పగుల్లోకి ఏ రంగూ దిగదు. మంచి కోసమే అయినా, పాత భాగాలకు మందంగా పెయింట్ కొడితే ఆ పెయింట్ పగులును కప్పేస్తుంది. రెండో దిక్కు లేని భాగాలకు ముదురు రంగు మందంగా కొట్టవద్దని, వేస్తే లేత రంగు పల్చగా వేయాలని మీ సర్క్యులర్‌లో ఒక్క వాక్యం చేర్చినా చాలా కళ్లు తెరుచుకుంటాయి. లేత రంగు మీద పగులు వెంట కారిన తుప్పు గీత మామూలు కంటికి కూడా కనపడుతుంది. అలాగే పరీక్షకు విప్పే రోజు షిఫ్టు నడుమ హడావుడి సమయం కాకుండా, వెలుతురున్న చోట, చేతిలో తగినంత సమయంతో ఉండాలి. మసక బల్బు కింద చూసిన భాగాన్ని "చూశాం" అని రాయకూడదు.

గనుల చట్టాన్ని కలుపుకుని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది. దాని కింద నోటీసు ఇవ్వాల్సిన ప్రమాదకర సంఘటనలు ఏవో నిర్ణయించేది ప్రభుత్వం; ఆ పట్టికను దిద్దమని మీరు సలహా ఇవ్వొచ్చు. ఎప్పుడో పాత పట్టిక రాసినవాళ్లు తెగిన తాడుకు చోటివ్వడానికి వెనకాడలేదు. ఈ కాలానికి తగ్గట్టు ఆ వరసలో ఇంకో పంక్తి చేరాలి: మనుషుల్ని మోసే, ఆపే, తిప్పే సాధనాల్లో రెండో దిక్కు లేని ఏ భాగంలోనైనా ఖాయమైన పగులు.

డైరెక్టరేట్ మొదలైంది 1902లో. వందేళ్లకు పైగా మీ కార్యాలయం ప్రమాదాలు జరిగిన చోట్లకు వచ్చి, కారణాలు తవ్వి, సర్క్యులర్లు రాసింది. ఆ సర్క్యులర్లలో చాలావాటి వెనక ఎవరో ఒకరి చావు ఉంది. ఎవరూ చావకుండానే ఒక సర్క్యులర్ రావాలని కోరుతున్నాను. సింగరేణి గనుల్లోనే మొదలుపెట్టండి. రామగుండం ఏరియాల్లోని ఇంక్లైన్లు, ఓపెన్‌కాస్టులు, వాటి కాంట్రాక్టు టిప్పర్లతో సహా, ఒక ఏడాది పాటు ఈ పద్ధతి నడిపి చూడండి. వచ్చిన నోటీసులను ప్రతి గని నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టించండి. షిఫ్టుకు పోతూ పోతూ చదువుకుంటాం. మా బండిలో కూడా అదే పిన్ను ఉందేమో చూడమని ఫిట్టర్‌ను మేమే అడుగుతాం.

ఇట్లు,
పగుళ్లు వెతికే పనివాడు,
గోదావరిఖని